వెలుతురు కొలత

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమనగా పుస్తకములు దాచు బీరువా మాత్రమే కాదు. అది ఒక ఊరి జ్ఞాపకమును దాచు గాదె. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును వెలసినప్పుడు పెద్దల సంకల్పము తెలుగువాని మాట తెలుగువానికి దక్కవలెననియే. నేడు ఆ గాదెలో మాటతోపాటు బొమ్మకును చోటు కావలసియున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందు పెండ్లికి, జాతరకు, బతుకమ్మకు తీయబడు ఛాయాచిత్రములకు నేడు లెక్క లేదు. కాని యేబది యేండ్ల తరువాత మనుమరాలు తెరచి చూచినప్పుడు అవ్వ ముఖము గుర్తింపదగిన చిత్రములు వానిలో ఎన్ని యుండును? మగ్గముమీది బట్టలో పోగు కనబడు చిత్రములు ఎన్ని యుండును? కొన్నింటిలో ముఖము బొగ్గువలె నల్లనగును; కొన్నింటిలో తెల్లబట్ట సున్నము కొట్టిన గోడవలె వెలవెలబోవును. కెమెరా ఖరీదైనదే, తీసినవాడు శ్రద్ధ గలవాడే. అయినను చిత్రము చెడినది. లోపము వెలుతురును కొలుచుటలో నున్నది. ఎంత వెలుతురును లోనికి రానీయవలెనో నిర్ణయించు ఈ విద్యనే ఛాయాగ్రాహకులు ఎక్స్‌పోజరు అందురు.

ఈ విద్య తెలుగునేలకు క్రొత్తది కాదు. 1844లో మీరటు సమీపమున సర్ధనలో జన్మించి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1905లో కీర్తిశేషుడైన రాజా దీనదయాళు హైదరాబాదు సంస్థానపు కోటలను, దర్బారులను, మనుష్యులను గాజుపలకలమీద నిలిపినాడు. ఆయన కెమెరాలో వెలుతురును కొలిచి చెప్పు యంత్రము లేదు. ఆకాశమును చూచి, నీడ నిడివిని చూచి, అనుభవముతో నిర్ణయించుటయే. అయినను ఆ పలకలనుండి తీసిన చిత్రములలో రాతి చెక్కడమును తలపాగ మడతయు నేటికిని స్పష్టముగ కనబడుచున్నవి. తరువాతి కాలమున వరంగల్లు బిడ్డయైన గుడిమల్ల భరత్‌భూషణ్ తెలంగాణ పల్లెల గడపలను, బతుకమ్మలను, శ్రమజీవులను దశాబ్దములపాటు చిత్రించి 2022లో గతించినాడు. అట్టివారి కృషి చూచినప్పుడు కెమెరాకంటె దాని వెనుకనున్న వివేకమే మిన్నయని తేలుచున్నది.

గాజుపలకకును ఫిల్మునకును ఒక సూత్రముండెను. నీడలకు సరిపడ వెలుతురునిమ్ము, వెలుగుల సంగతి రసాయనములో కడుగునప్పుడు చూచుకొనవచ్చును అనునదే ఆ సూత్రము. నెగటివు ఫిల్ము అధికమైన వెలుతురును కొంతవరకు ఓర్చుకొనును. చాలని వెలుతురును ఓర్వదు. 1940 ప్రాంతమున అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చరు అను నిరువురు దీనినే శాస్త్రబద్ధము చేసి, కటికచీకటినుండి తెల్లదనము వరకు 0 మొదలు 10 దాక జోనులుగా విభజించి చూపిరి. డిజిటల్ కెమెరాయందు ఆ సూత్రము తలక్రిందులైనది. ఈ మార్పును గ్రహింపక పాత అలవాటుతో తీయువాడు నష్టపడును.

అది యెట్లనగా, మన ఊరి చెరువును తలచుకొందము. వానపడినకొలది చెరువు నిండును. కట్టకు నాటిన కొలతరాతిని చూచి ఎంత నీరు చేరెనో చెప్పవచ్చును. కాని చెరువు నిండి మత్తడి దూకిన పిమ్మట ఎంత వాన కురిసినను కొలతరాయి ఒక్క అంకెనే చూపును. పోయిన నీరు ఎంతయో రాతికి తెలియదు. డిజిటల్ కెమెరా ఫలకముమీద ఇట్టి చిన్నచిన్న చెరువులు కోట్లకొలదిగ నుండును. వానిలో చేరునది వెలుతురు. ఒక చెరువు మత్తడి దూకెనా, అచ్చట పోగును మడతయు మేఘపు అంచును ఏమియు మిగులదు. అంతయు ఒకే తెలుపు. ఇంటికి వచ్చి కంప్యూటరుపై ఎంత దించినను ఆ తెలుపు బూడిదరంగగునేగాని పోయిన పోగు తిరిగి రాదు.

రెండవ సంగతి. ఎండాకాలమున చెరువు అడుగంటినప్పుడు కడవ ముంచినచో నీటితోపాటు బురద వచ్చును. వెలుతురు మిక్కిలి తక్కువ చేరిన నీడలయందును ఇట్లే బురద యుండును. దానిని నాయిజు అందురు. నీడను వెలిగించుటకై పైకి లాగినకొలది ఇసుక చల్లినట్లు చుక్కలు బయటపడును. దీనికి కారణము ప్రకృతియందే కలదు. వెలుతురు కణములు వానచినుకులవలె ఒక క్రమములేక పడును. ఒకచోట 10,000 కణములు చేరినచో హెచ్చుతగ్గు సుమారు 100, అనగా నూటికి ఒకటి. అదే 100 కణములే చేరినచో హెచ్చుతగ్గు 10, అనగా నూటికి పది. కావున ఎక్కువ వెలుతురు చేరినచోటనే చిత్రము నున్నగ నుండును.

ఈ రెండు సంగతులను కలిపిన తేలు సూత్రమిది: చెరువును నిండుగ నింపవలెను, మత్తడి దూకనీయరాదు. 2003 ప్రాంతమున మైకేల్ రైక్‌మన్ అను ఛాయాగ్రాహకుడు ఈ పద్ధతిని వ్రాసి ప్రచారము చేసినాడు. కొలతపటమును కుడివైపునకు జరుపుట అని దీనిని పిలిచెదరు. చూచుటకు చిత్రము అప్పటికప్పుడు కొంచెము వెలిసినట్లుండును. ఇంటికి వచ్చి దానిని తగిన స్థాయికి దించుకొనవలెను. అట్లు దించినప్పుడు నీడలలోని బురదయు అడుగునకు దిగిపోవును.

అయితే ఈ పద్ధతి రా ఫైలునకే తగును. రాకును జేపెగుకును భేదము సిరిసిల్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు. రా అనునది నూలు. జేపెగు అనునది కుట్టి యిచ్చిన అంగీ. అంగీని వెంటనే తొడుగుకొనవచ్చును, కాని కత్తిరించి పారవేసిన ముక్కలు మరల దొరకవు. నూలును ఎట్లు కావలెనన్న అట్లు నేయవచ్చును, కాని నేయువాడు కావలెను. జేపెగులో ఒక్కొక్క రంగునకు 256 అంతరువులు మాత్రమే యుండును. 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్ల ఫైలులో 16,384 ఉండును. వెలుతురు ఇబ్బడి యగుటను ఒక మెట్టు అనుకొన్నచో, 14 బిట్ల లెక్కలో పైమెట్టు ఒక్కదానికే 8,192 అంతరువులు దక్కును. దాని క్రిందిదానికి 4,096. ఆ క్రిందిదానికి 2,048. ఎనిమిదవ మెట్టునకు వచ్చుసరికి 64 మాత్రమే. నీడలు ఎంత పేదవో దీనివలన తెలియును.

ఇక కెమెరా చెప్పు కొలతను ఎంతవరకు నమ్మవలెను? కెమెరాలోని మీటరునకు బట్టయనియు బొగ్గనియు తెలియదు. ఎదుటనున్న దేదైనను నడిమి బూడిదరంగు వస్తువేయని అది భావించును. కావుననే తెల్లని ధోవతుల కట్టను తీసినచో మాసినట్లు బూడిదగ వచ్చును; నల్లని ఇనుప మగ్గమును తీసినచో వెలిసి బూడిదగ వచ్చును. నడిమి బూడిద తనపై పడిన వెలుతురులో నూటికి సుమారు 18 పాళ్లు తిప్పికొట్టును. ఒక మెట్టు హెచ్చించిన 36, రెండు మెట్లు హెచ్చించిన 72. ఉతికిన తెల్లబట్ట ఈ 72నకు చేరువలో నుండును. కావున తెల్లబట్టపై గురిపెట్టి కొలిచినచో, ఆ కొలతకు సుమారు రెండు మెట్లు వెలుతురు చేర్చిననే తెలుపు తెలుపుగ నిలుచును.

మీటరు లేకున్నను పూర్వులు వాడిన సూత్రమొకటి నేటికిని పనికివచ్చును. నిర్మలమైన ఎండలో అపర్చరు 16 పెట్టి, ఐ.ఎస్.ఓ. 100 అయినచో షట్టరును సెకనులో నూరవవంతు ఉంచుట. ఎండ అందరిమీద ఒక్కటే. తెల్లబట్టయైనను నల్లమగ్గమైనను పడు వెలుతురు మారదు. జగిత్యాల కోటవద్ద ఈ సూత్రము చక్కగ పరీక్షింపవచ్చును. 18వ శతాబ్దియందు ఫ్రెంచివారి పర్యవేక్షణమున నక్షత్రాకారముగ కట్టబడెనని ప్రసిద్ధిగాంచిన ఆ కోటలో మట్టిరంగు రాయి, అగడ్తలోని నీరు, పైన తెల్లని ఆకాశము ఒకే చూపులో నిలుచును. ఆకాశము హెచ్చుగ కనబడునట్లు కెమెరా ఎత్తినచో మీటరు భయపడి వెలుతురు తగ్గించును, కోట నల్లబడును. గోడ హెచ్చుగ కనబడునట్లు దించినచో మీటరు ధైర్యము తెచ్చుకొనును, ఆకాశము మత్తడి దూకును. కోట మారలేదు, ఎండ మారలేదు. మీటరు అభిప్రాయమే మారినది. కావున ఒక్కసారి నిర్ణయించి, ఆ కొలతను చేతితో స్థిరపరచి, తుదివరకు దానినే పాటించుట మేలు.

కెమెరా వెనుక తెరపై కనబడు కొలతపటమును హిస్టోగ్రాము అందురు. ఎడమకొస చీకటి, కుడికొస వెలుగు. కుడిగోడకు చిత్రము ఒరిగినచో మత్తడి దూకెనని గుర్తు. కాని యిచ్చట నొక మెలిక యున్నది. రా ఫైలును తీయుచున్నప్పుడును తెరపై కనబడు పటము జేపెగునుండి కట్టబడినదే. కెమెరా తన యిష్టము వచ్చిన రంగుల సవరణ చేసి, ఆ అంగీని చూపి నూలు ఇంతేయని చెప్పుచుండును. పగటివెలుతురులో ఎరుపు అంకెలను సవరణకై అది చాల హెచ్చించును. అందువలన బంతిపూలు, ఎర్రచీరెలు తీసినప్పుడు ఎరుపు నిండిపోయినట్లు తెర గగ్గోలు పెట్టినను, రా ఫైలులో ఇంకను చోటు మిగిలియుండవచ్చును. ఎంత చోటు మిగులునో ఒక్కొక్క కెమెరాకు ఒక్కొక్క తీరు.

దానిని తెలిసికొను ఉపాయము సులభము. ముతక తెల్లబట్టనొకదానిని ఎండలో ఆరవేసి, ఎదుట నిలిచి, మూడవవంతు మెట్టు చొప్పున వెలుతురు పెంచుచు పదునైదు ఇరువది చిత్రములు తీయవలెను. రాడిగ్గరు, ఫాస్ట్‌రావ్యూయరు వంటి సాధనములు రా ఫైలులోని అసలు అంకెలను చూపును. వానిలో చూచి, పోగులు కనబడిన కడపటి చిత్రమేదో గుర్తింపవలెను. తెరపై హెచ్చరిక మొదలైన చిత్రమునకును ఈ కడపటి చిత్రమునకును నడుమ ఎన్ని మెట్లున్నవో, అదియే ఆ కెమెరా దాచుకొన్న చోటు. ఒక్క పూట పని; ఆ కెమెరా ఉన్నంతకాలము పనికివచ్చును.

ఐ.ఎస్.ఓ. పెంచుట వెలుతురు పెంచుటయని కొందరు భ్రమపడుదురు. అది చెరువులోనికి నీరు తెచ్చునది కాదు. ఉన్న నీటికే కొలత పెంచి చెప్పునది. దానివలన మత్తడి త్వరగ చేరును గాని చెరువు నిండదు. కావున మొదట షట్టరుతోను అపర్చరుతోను వీలైనంత వెలుతురు తీసికొని, అప్పటికిని చాలనప్పుడే ఐ.ఎస్.ఓ.ను ఆశ్రయింపవలెను. కదలిక వలన చిత్రము చెదరుటకంటె కొంచెము బురద నయము. చెదరిన ముఖమును ఏ సాధనమును సరిచేయజాలదు.

ఇప్పుడు కోరుట్లకు పోదము. అచ్చట నెన్నో యిండ్ల గడపలయందు స్త్రీలు చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుందురు. వెనుక చీకటి గది, ముందు ఎండ వీధి. వీధినుండి చూచినచో ముఖముమీద మెత్తని వెలుతురుండును. ఇంటిలోనుండి చూచినచో ముఖము నల్లనై వీధి మండుచుండును. రెండవ చోటనుండి తీయవలసివచ్చినప్పుడు వీధిని కాపాడవలెనా, ముఖమును కాపాడవలెనా అను ప్రశ్న కలుగును. మీటరు రెంటికి నడుమ నొక సగటు కట్టి రెంటిని చెరచును. మనిషికొరకు తీయుచున్న చిత్రములో వీధి కొంత మత్తడి దూకినను బాధ లేదు; ఆమె కనులు, వ్రేళ్లు, తునికాకు ఈనెలు నిలువవలెను. వెలుగులన్నియు సమానము కావు. ఇత్తడి చెంబుపై మెరుపు, దీపశిఖ, నీటిపై సూర్యుడు నిండిపోయినను ఎవరును అడుగరు. తెల్లచీరె కొంగు, తలనెరసిన వెండ్రుకలు, బతుకమ్మపై గునుగుపూలు నిండిపోయినచో నష్టమే. ఏది పోయినను పరవాలేదో ముందు నిర్ణయించుకొన్నవానికే ఏది నిలుపవలెనో తెలియును.

ఈ సందర్భమున నొక బాధాకరమైన విషయము చెప్పక తప్పదు. ఛాయాచిత్రవిద్య చిరకాలము తెల్లనివారి మేనిఛాయనే కొలబద్దగ నుంచుకొనినది. 20వ శతాబ్దియందు కొడాక్ సంస్థ ముద్రణశాలలకు పంపిన కొలతపత్రములపై తెల్లజాతి స్త్రీ బొమ్మయే యుండెడిది. ఆమె ఛాయ సరిగ వచ్చినచో రంగులన్నియు సరియని లెక్క. పలువర్ణముల స్త్రీల బొమ్మలు గల పత్రములు 1990 దశకమునగాని రాలేదు. ఆ కొలబద్ద పోయినను ఆ బుద్ధి పూర్తిగ పోలేదు. పెండ్లికూతురు చామనచాయ యైనచో ముఖమునకు తెలుపు పూసి యిచ్చుట నేటికిని పలుచోట్ల మర్యాదగ చెల్లుచున్నది. చేతులు ఒక రంగు, ముఖము ఒక రంగు. ఎండలో నాటువేసినవాని నలుపు అతని కష్టమునకు సాక్ష్యము. దానిని తుడిచివేయుట అతనిని తుడిచివేయుటయే. నల్లని ముఖమును నల్లగనే, కాని కాంతితో చూపుటకు మార్గము తెలుపు పూయుట కాదు. తీయునప్పుడే సరిపడ వెలుతురు చేర్చి, పిమ్మట దానిని తన నిజమైన ఛాయకు దించుట. అట్లు చేసినచో చెక్కిలిపై ముడుతలు, నుదుట చెమట మెరుపు, కనురెప్పల నీడ అన్నియు నిలుచును. వెలుతురు తక్కువగ తీసి తరువాత లాగినచో ఆ ముఖముమీద బురద చుక్కలే మిగులును. కావున కొలత తప్పుట కేవలము సాంకేతికదోషము కాదు. అది ఒక మనిషిపట్ల జరుగు అన్యాయమును కాగలదు.

సిరిసిల్లలో కష్టము మరియొక తీరు. మానేరు ఒడ్డున వెలసిన ఈ నేతపట్టణమున చేతిమగ్గముల స్థానమును చాలవరకు మరమగ్గములు ఆక్రమించినవి. 2017 మొదలు కొన్ని సంవత్సరములు ప్రభుత్వము బతుకమ్మ చీరెలను ఇచ్చటనే నేయించినది. పని యున్ననాడు షెడ్డు మ్రోగును. పని లేనినాడు ఆ నిశ్శబ్దములో ఎన్ని కుటుంబములు చితికినవో తెలియనివారు లేరు. అట్టి షెడ్డులోనికి కెమెరాతో పోవువాడు వినోదమునకు పోరాదు. లోపల నూనె పట్టిన ఇనుము, నల్లని నేల, ఒక ప్రక్క కిటికీ, మగ్గముపై తెల్లని బట్ట, దాని వెనుక నేతకాని ముఖము. బట్టకును ముఖమునకును నడుమ మూడు నాలుగు మెట్ల భేదము కూడ నుండవచ్చును. రా ఫైలుతో ఇది సాధ్యమే. మొదట బట్టలో పోగు పోకుండ కొలత కట్టి, ముఖమును తరువాత ఎత్తవలెను. ముఖమున మరింత వెలుతురు కావలెనన్న వేరే సాధనమక్కరలేదు. నేసిన తెల్లబట్ట రెండు గజములు కిటికీ కెదురుగ పట్టించినచో ఆ కాంతి తిరిగి నేతకాని ముఖముపై పడును. తన చేతి బట్టయే తన ముఖమునకు వెలుగగును.

షెడ్డులో ట్యూబులైట్లున్నచో మరియొక జాగ్రత్త. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. ఆ దీపములు సెకనుకు 100 మార్లు మినుకును. కంటికి తెలియదు గాని షట్టరు వేగము హెచ్చినచో చిత్రముపై చారలు పడును, లేదా ఒకటి వెలుగుగ ఒకటి మసకగ వచ్చును. అట్టిచోట నూరవవంతో యేబదవవంతో ఉంచుట మంచిది. నాడె చెదరినట్లు కనబడినను లోపము కాదు. పరుగెత్తుట దాని స్వభావము. ముఖము నిలిచిన చాలును.

ఇన్ని చెప్పినను అన్ని సమయములందును కొలతకు వ్యవధి యుండదు. సద్దుల బతుకమ్మనాటి సంధ్యవేళ చెరువుగట్టున వెలుతురు నిమిషనిమిషమునకు తరుగును. పూలు నీటిలో విడుచు క్షణము ఒక్కటే. అప్పుడు లెక్కలు కట్టుచు కూర్చున్నవాడు క్షణమును కోలుపోవును. కావున అభ్యాసము ముందే కావలెను. ఎండలో, నీడలో, దీపపు వెలుతురులో తన కెమెరా ఎట్లు ప్రవర్తించునో ఎరిగినవాడు కన్ను ఎత్తకుండగనే కొలత మార్చుకొనును. ఆనాడు సందేహము కలిగినచో అర మెట్టు తక్కువ తీయుట మేలు. బురదనైనను కొంత వడగట్టవచ్చును, మత్తడి దూకినది మాత్రము రాదు.

కడపట గ్రంథాలయ కార్యకర్తలకొక విన్నపము. ఊరి చిత్రములు సేకరించునప్పుడు కుట్టిన అంగీతోపాటు నూలునుకూడ అడిగి తీసికొనవలెను. అనగా జేపెగుతోపాటు రా ఫైలును భద్రపరుపవలెను. అది నేటి గాజుపలక. రేపటివారు మెరుగైన సాధనములతో దానినుండి మరింత మంచి చిత్రము తీయగలరు. ఒకచోట కాక రెండుచోట్ల దాచవలెను. ఎవరి చిత్రమో, ఏ ఊరో, ఏ సంవత్సరమో, ఏ పనియో ప్రక్కనే వ్రాయవలెను. తీయుటకు ముందు ఆ మనిషి అనుమతి అడుగవలెను. తీసిన పిమ్మట ఒక ప్రతి అతని చేతికీయవలెను.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్ల పిమ్మట స్వర్ణోత్సవము జరుపుకొనును. ఆనాటికి ఈ షెడ్డులలో ఏ మగ్గములు మ్రోగుచుండునో, ఈ గడపలలో ఏ చేతులు ఆకు చుట్టుచుండునో ఎవరు చెప్పగలరు? మగ్గము నిలుచుట ఛాయాగ్రాహకుని చేతిలో లేదు. ఆ మగ్గముపై నేసిన బట్టలో పోగును, దాని వెనుకనున్న ముఖమును నిలుపుట మాత్రము అతని చేతిలో నున్నది. ఆనాడు ఒక పిల్ల ఈ బీరువా తెరచి, చిత్రమును చూచి, ఇది మా తాతయని తనంత తాను గుర్తుపట్టగలిగినచో వెలుతురు సరిగ కొలువబడినట్లే.